అరచేతికి గాలి తగలాలి

పోయిన వారం దేవకుమారిని లాకులపేట రేవులో, పడవ దిగిన చోటే, ఎండలో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులు ఆ పిల్లను అలా ఉంచినందుకు నన్ను తిడుతూ ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు రాశారు. తిట్టడంలో తప్పేమీ లేదు. సరే, కదులుదాం.

కొత్తగా చదివేవారి కోసం రెండు ముక్కలు. దేవకుమారి లాకులపేట మిషను బడి మేష్టారు జ్ఞానప్రకాశం గారి ఒక్కగానొక్క కూతురు. రాజమండ్రిలో మేష్టరమ్మల తరగతిలో ఏడాది చదివింది. ఫలితాలు ఇంకా రాలేదని ఇంటికి రాసింది. అది అబద్ధం. ఫలితం వచ్చి ఇరవై రోజులైంది. ఆ కాగితం నాలుగు మడతలై ఆమె పెట్టెలో చీరల అడుగున ఉంది. అన్నిట్లోనూ గట్టెక్కిన పిల్ల ఇంగ్లీషు చదవడంలో తప్పింది.

రెండో ముక్క ఇంకా చేదుది. ఇవాళ బుధవారం. రేపు పొద్దున్న ఇన్స్పెక్టరు సూర్యప్రకాశం గారు బడికి వచ్చి, ఇంగ్లీషు తరగతి పిల్లలు పదకొండు మందిని ఒక్కొక్కరినే నిలబెట్టి పైకి చదివిస్తారు. పలుకు బాగుంటే తరగతి ఉంటుంది. బాగులేకపోతే ఎత్తేస్తారు. అప్పుడు అది అఆలూ ఎక్కాలూ చెప్పే బడిగా మిగులుతుంది, మేష్టారికి అక్కడ పని ఉండదు, ఆ పదకొండు మంది తమ అమ్మానాన్నల వెనకే వరి కోతలకూ కాలువ మట్టికీ పోతారు. సంగతి ఇంతే. ఇంతకన్నా ఏం కావాలి?

దేవకుమారి పెట్టె ఎత్తుకుని ఇంటికి వెళ్లలేదు. ఇంటికి వెళ్తే తల్లి సంపూర్ణమ్మ చేపల పులుసు వడ్డించి ఎదురుగా కూర్చుంటుంది. ఆ పులుసు తింటూ ఈ మాట చెప్పడం ఎవరి వల్ల అవుతుంది? అందుకని నేరుగా బడికి నడిచింది.

వీధి మలుపులోనే తండ్రి గొంతు వినపడింది.

"చెయ్యి!"

పదకొండు అరచేతులు పదకొండు నోళ్ల ముందుకు లేచి ఉంటాయని ఆమెకు చూడకుండానే తెలుసు.

"గుట్!" అన్నారు పిల్లలు. "డాక్!" అన్నారు. "రోట్!"

"గాలి తగిలిందా?"

"తగిలిందండీ!"

ఈ అరచేతి సంగతి ఇప్పుడు చెప్పకపోతే తర్వాత చెప్పడానికి నాకు మనసు రాదు. మన నోటికి ఇంగ్లీషు మాట చివర కోసినట్టు ఆపడం రాదు కదా. బుక్ అనలేం, బుక్కు అంటాం. కప్ అనలేం, కప్పు అంటాం. పాతికేళ్ల కిందట లాకులపేటలో బడి పెట్టిన పెద్దదొరగారు చివర వేలాడే ఆ 'ఉ' తోకను వదిలించడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. అరచెయ్యి నోటి ముందు పెట్టుకో. మాట చివరికి రాగానే ఊపిరి టక్కున వదిలి నోరు మూసెయ్. అరచేతికి గాలి తగలాలి. తగిలితే మాట సరిగ్గా ముగిసినట్టు. తగలకపోతే మళ్లీ అను.

పెద్దదొరగారి దగ్గర ఆ విద్య పట్టినవాడు జ్ఞానప్రకాశం ఒక్కడే. అప్పుడతనికి పదిహేడేళ్లు. ఆరేళ్లు దొర కాళ్ల దగ్గర కూర్చుని, ఆయన నోటికేసి చూస్తూ నేర్చుకున్నాడు. దొర ఓడెక్కి వెళ్లిపోయాక బడి అతనికి వచ్చింది. అప్పటినుంచి, అంటే పద్ధెనిమిదేళ్లుగా, పొద్దున్న ప్రార్థన కాగానే మొదట చివరల పాఠం, ఆ తర్వాతే ఏదైనా. ఈ తాలూకాలో ఇంగ్లీషు చెప్పే పంతుళ్లు చాలామంది ఉన్నారు. దొర నోటినుంచి నేరుగా దింపుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అని ఆయన గర్వం. ఆ మాట ఊళ్లో ఆయన చెప్పని మనిషి లేడు. విని విసుక్కోని మనిషీ లేడు, అది వేరే సంగతి.

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు అన్నాలకు పరుగెత్తారు. గుమ్మంలో కూతురు కనపడేసరికి మేష్టారి ముఖం విప్పారింది.

"అమ్మడూ! పడవెప్పుడొచ్చింది? ఇంటికెళ్లకుండా ఇలా వచ్చేశావేంటి? సరే, మంచిదే అయింది. రేపటికి నువ్వు కూడా ఉంటావు. ఏసమ్మని చూడాలి నువ్వు, మన లాకుల కాపలా లస్కరు చిట్టియ్య కూతురు. పదేళ్లు లేవు, ఎంత గట్టిగా చదువుతుందో! ఇన్స్పెక్టరుగారు నోరు తెరుచుకుని వింటారు."

"నాన్నగారూ, కూర్చోండి."

"కూర్చుంటాలే గాని, ఫలితాలు వచ్చాయా?"

పెట్టె మూత తీసి, చీరల కింద చెయ్యి పెట్టి, ఆ కాగితం తీసి ఇచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఒకసారి చదివి, తిప్పి వెనక చూశాడు, వెనక ఏమైనా ఇంకో మాట రాశారేమోనని.

"ఇంగ్లీషు చదవడంలోనా?" అన్నాడు. "పొరపాటు పడ్డారమ్మా. ఎవరి కాగితమో నీకిచ్చారు. నా కూతురు చదవడంలో తప్పడమేంటి?"

"పొరపాటు కాదు నాన్నగారూ. నేను చదివింది విని అక్కడ పరీక్ష చేసే మిస్సమ్మగారు ఇంకోసారి చదవమన్నారు. మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదవమన్నారు. నేను బాగా చదువుతున్నానని అడుగుతున్నారేమో అనుకున్నాను." ఆమె పెట్టె మూత మూసింది. "వెనక పిల్లలు నవ్వుతుంటే గాని నాకు తెలియలేదు."

"ఏం చదివావు?"

"మంచి కుక్క దారి పక్కన ఉండేది, ఆ పాఠం."

"అను."

దేవకుమారి అంది. అలవాటు కదా, చెయ్యి దానంతటదే నోటి ముందుకు లేచింది. "ద గుట్ డాక్ లిఫ్ట్ బై ద రోట్."

"ఏం తప్పుంది ఇందులో? ముత్యాల్లా ఉన్నాయి."

"అంతా తప్పే నాన్నగారూ."

మేష్టారు నవ్వాడు. పాపం, నిజంగానే నవ్వాడు. కూతురికి రాజమండ్రిలో ఎవరో నాలుగు మాటలు చెప్పి బెదరగొట్టారనుకున్నాడు.

దేవకుమారి ఆయన కుడిచెయ్యి పట్టుకుంది. నోటి ముందు పెట్టుకునే చెయ్యి అది. దాన్ని దించి తన గొంతు మీద, ఎముక దగ్గర ఆనించింది.

"ఇప్పుడు వినండి. గుడ్. డాగ్. రోడ్. లివ్డ్."

ప్రతి మాట చివరా ఆయన వేళ్ల కింద గొంతు సన్నగా అదిరింది.

"గాలి తగలకూడదంటండి వీటికి. గొంతు అదరాలంట. బుక్, కప్, క్యాట్ అన్నవాటికి గాలి ఉంటుంది. అవి మనం సరిగ్గానే అంటున్నాం. వీటికి లేదు. అన్నిటికీ మనం ఒకటే కోత కోసేశాం. లవ్ అన్నా, ఈజ్ అన్నా, మార్నింగ్ అన్నా, కాల్డ్ అన్నా... చివర అదిరే మాటలన్నిటికీ అదురు తీసేసి గాలి పెట్టాం."

"దొరగారు అలాగే అనేవారు." మేష్టారు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నేను విన్నాను. ఆరేళ్లు విన్నాను. మీ మిస్సమ్మగారు విన్నారా? ఆవిడకేం తెలుసు? గుట్ అనే అనేవారు. నా చెవులతో విన్నాను దేవకుమారీ!"

"అనే ఉంటారండి. మీ చెవులది తప్పు కాదు."

"మరి?"

ఆమె లేచి, గోడ అలమర దగ్గరికి వెళ్లింది. పై అరలో తెల్ల గుడ్డ చుట్టిన పుస్తకం ఉంది. పెద్దదొరగారు వెళ్లిపోతూ జ్ఞానప్రకాశం చేతిలో పెట్టిన తన ప్రార్థన పుస్తకం అది. నల్ల అట్ట. లోపల ముళ్లు ముళ్లుగా, వంకులు తిరిగిన అక్షరాలు. ఇంట్లోవాళ్లలో గాని బడివాళ్లలో గాని దాన్ని ముట్టుకునే హక్కు ఒక్క మేష్టారికే. ఏటా క్రిస్మసునాడు విప్పి, ఒక పుట చూసి, మళ్లీ చుట్టేస్తాడు. చదవడానికి ఆయనకు రాదు. అది పెద్ద ఇంగ్లీషు అని ఆయన నమ్మకం. మనం నేర్చుకున్నది చిన్న ఇంగ్లీషు, రోజూ వాడుకునేది. ఇది పెద్దవాళ్లది, దేవుడితో మాట్లాడేది. అంత చదువు నాకింకా అబ్బలేదు, ఎప్పటికైనా అబ్బుతుంది అని పద్ధెనిమిదేళ్లుగా చూస్తున్నాడు. దానికోసం ప్రార్థన కూడా చేశాడు. ఎవరూ నవ్వకండి. నవ్వితే నాకు కోపం వస్తుంది.

కూతురు ఆ గుడ్డ విప్పింది. ఆయన వద్దనలేదు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావని మిస్సమ్మగారు అడిగారు. మీ పేరు చెప్పాను. మీకెవరు చెప్పారంటే పెద్దదొరగారి పేరు చెప్పాను.  ఆవిడ లోపలికెళ్లి ఒక పుస్తకం తెచ్చి, ఇలాంటి అక్షరాలు మీ ఊళ్లో ఎప్పుడైనా చూశావా అన్నారు. చూశానన్నాను. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నానన్నాను." ఆమె పుస్తకం తండ్రి ముందు పెట్టింది. "ఇది ఇంగ్లీషు కాదు నాన్నగారూ. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. జర్మనీ భాష. పెద్దదొరగారు ఇంగ్లీషువారు కారు."

"జర్మనీయే అని నాకు తెలుసు," అన్నాడు మేష్టారు. గొంతు పెరిగింది. "ఆయనే చెప్పారు, నాది జర్మనీ అని. మనది గోదావరి జిల్లా, ఆయనది జర్మనీ జిల్లా. అయితే ఏంటి?"

 దేవకుమారి విడమరిచి చెప్పే పని లేకపోయింది. ఆ మాట తన నోటినుంచి బయటికి వచ్చాక, తన చెవులకు వినపడ్డాక, మేష్టారికే ఏదో తెలిసింది. ముందున్న పుట కేసి చూశాడు. ఆ ముళ్ల అక్షరాల్లో ఆయనకు ఎన్నడూ ఒక్క మాట కూడా ఎందుకు పట్టుబడలేదో, ఎంత ప్రార్థన చేసినా ఎందుకు పట్టుబడలేదో, ఇప్పుడు అర్థమైంది.

"వేరే దేశమా?" అన్నాడు చివరికి.

"వేరే దేశమండి. వేరే భాష. వాళ్ల భాషలో చివర అదురు ఉండదంట, అన్నిటికీ గాలే అంట. ఆయన ఇంగ్లీషు నేర్చుకున్నది ముప్పయ్యో ఏట, ఇక్కడికొచ్చే ఓడలో. మిషనుకి కావాలని నేర్చుకున్నారంట. మనం నేర్చుకున్నట్టే, పుస్తకం ఎదురుగా పెట్టుకుని."

 బయట వేపచెట్టు కింద పిల్లలు అన్నాలు ముగించి అరుచుకుంటున్నారు. ఏసమ్మ గొంతు అందరికన్నా గట్టిగా వినపడుతోంది. ఎవరికో చివరల పాఠం చెబుతోంది.

"మనవాళ్ల నోట్లో ఆ అదురు ఉంది కదమ్మా," అన్నాడు మేష్టారు మెల్లగా. "పుట్టుకతోనే ఉంది. గాడిదలో ఉంది, గడపలో ఉంది. మనకి తోకొక్కటే ఎక్కువ. తోక తీస్తే సరిపోయేది. నేను తోకతో పాటు అదురు కూడా పీకేశాను. ఉన్నదాన్ని కొట్టి పోగొట్టాను."

"మీరు కావాలని చెయ్యలేదు."

"కావాలనే చేశాను! బెత్తం పుచ్చుకుని చేశాను. పద్ధెనిమిదేళ్లు, రోజుకో గంట." ఆయన లెక్క వెయ్యబోయి ఆగిపోయాడు. "ఎంతమందిని పంపాను? ఏ ఊళ్లో, ఏ కచేరీలో, ఎవరి ముందు నిలబడి నవ్వులపాలవుతున్నారో వాళ్లు. ఉద్యోగం రాలేదు మేష్టారూ అని ఒకరిద్దరు రాశారు. కష్టపడండ్రా అని జాబు రాశాను. నీకేమని రాద్దును ఇప్పుడు?"

దేవకుమారికి ఏడుపొచ్చింది. ఏడవడానికి ఇది సమయం కాదని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రేపటి సంగతి చూద్దామండి. ఇంకా పూట ఉంది. పిల్లల చేతులు నోటి ముందునుంచి తీసి గొంతు మీద పెట్టిద్దాం. నేను చెబుతాను."

గంట కొట్టి పిల్లల్ని లోపలికి పిలిచారు. మేష్టారు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దేవకుమారి ముందు నిలబడి, అక్కా అక్కా అంటున్న పిల్లలను కూర్చోబెట్టి, గొంతు మీద వేళ్లు ఎలా పెట్టుకోవాలో చూపించింది. గుడ్ అనమంది.

"గుట్!" అన్నారు పదకొండు మంది.

"గట్టిగా నోరు ముయ్యకండి. లోపల అదరనివ్వండి. గుడ్."

"గుడ్డు!" అన్నారు సగం మంది, భయపడి. తోక తిరిగొచ్చింది.

తోక తియ్యమంటే అదురు పోతోంది. అదురు తెమ్మంటే తోక వస్తోంది. గంటన్నర గడిచేసరికి ఇంకో చోద్యం జరిగింది. అప్పటిదాకా సరిగ్గా అంటున్న బుక్ కాస్తా బుగ్ అయింది. కప్ కబ్ అయింది. ఏ మాటకు ఏది పెట్టాలో తెలియక, ప్రతి మాట దగ్గరా ఆగి, పిల్లలు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకోవడం మొదలెట్టారు. పొద్దున్న గడగడా చదివినవాళ్లు మధ్యాహ్నానికి ఒక్క వరస చదవలేకపోయారు.

ఏసమ్మ లేచి నిలబడింది. కళ్ల నిండా నీళ్లు, ముక్కుపుటాలు ఎగరేసే కోపం.

"అక్కా, మేష్టారు గాలి తగలాలన్నారు కదండీ. మా నాన్న కూడా అదే అంటాడండి. నాకు తగులుతుందండి. మీరొచ్చి తగలకూడదంటే ఎలాగండి?"

దేవకుమారి వెనక్కి తిరిగి తండ్రి కేసి చూసింది. ఆయన ఒక్క మాట చెబితే చాలు. నేనే తప్పు చెప్పానమ్మా, అక్క చెప్పినట్టు అను. అంతే కదా! ఆ పిల్ల నమ్మేది ఆయన్నే. పిల్లలందరూ కూడా ఆయనకేసే తిరిగి చూస్తున్నారు.

మేష్టారు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. మంచి మనిషే, నేను కాదనను. కాని పద్ధెనిమిదేళ్లు నిలబడ్డ చోటినుంచి ఒక్క పూటలో దిగడం ఎంత మంచివాడికైనా కష్టం.

"ఇవాళ్టికి చాలు," అన్నాడు. "ఇళ్లకి వెళ్లండి. రేపు ఉతికిన బట్టలు కట్టుకుని రండి."

"ఎలా చదవాలండి రేపు?" అడిగింది ఏసమ్మ.

మేష్టారు చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికండీ?" అంది దేవకుమారి.

"లాకుల దగ్గరికి. చిట్టియ్యతో పనుంది."

ఆ పనేమిటో కూతురికి చెప్పలేదు గాని, మనకు దాపరికం ఎందుకు? జ్ఞానప్రకాశం మేష్టారయిన మొదటి ఏడు చిట్టియ్య ఆయన దగ్గర చదువుకున్నాడు. పన్నెండేళ్లవాడు, చురుకైనవాడు. తోక రెండు రోజుల్లో వదిలించుకున్నాడు. కాని గుట్ అనమంటే అనలేకపోయాడు. ఎన్నిసార్లు కొట్టినా గుడ్ అనేవాడు. డాగ్ అనేవాడు. చివర చక్కగా కోసి, లోపల అదిరిస్తూ అనేవాడు. అరచేతికి గాలి తగిలేది కాదు. మేష్టారు మూడు రోజులు వాణ్ణి గుమ్మం దగ్గర, చెయ్యి నోటి ముందు పెట్టించి నిలబెట్టాడు. నాలుగో రోజు చిట్టియ్య బడికి రాలేదు. కాలువ మట్టి పనికి పోయాడు. పదేళ్లు తట్ట మోసి మోసి, ఇప్పుడు లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు అయ్యాడు.

బడి మొత్తంలో సరిగ్గా పలికినవాడు ఒకడే ఒకడు. వాణ్ణే వెళ్లగొట్టాడు. మధ్యాహ్నం కూతురి గొంతు మీద వేళ్లు పెట్టినప్పుడే మేష్టారికి ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. ఆ పలుకు ఎక్కడ విన్నానో అనుకోవాల్సిన అవసరం లేకపోయింది. విన్న చోటు, కొట్టిన చెయ్యి, అన్నీ గుర్తొచ్చాయి. రేపు ఏమైనా కానీ, ముందు వాడికి ఒక మాట చెప్పాలి. ఒరే చిట్టియ్యా, నువ్వే రైటు, నేనే తప్పు అని. వాడి చేత ఒక్కసారి గుడ్ అనిపించుకుని వినాలి. ఆ మాట వాడి నోట్లో ఇంకా బతికుంటే, ఏసమ్మకు వాళ్ల నాన్న చేతే చెప్పించవచ్చని కూడా ఒక చిన్న ఆశ ఉంది. మేష్టారి మాట కాదంటే వినని పిల్ల నాన్న మాట కాదంటుందా?

పొద్దు వాలుతోంది. లాకుల పైనుంచి నీళ్లు దూకే చప్పుడు దూరానికే వినపడుతోంది. చిట్టియ్య తలుపుల మీద కూర్చుని గొలుసుకు ఆముదం రాస్తున్నాడు. మేష్టారిని చూసి గబగబా లేచి తలగుడ్డ తీశాడు.

"మేష్టారండీ! కబురెడితే నేనే వద్దును కదండి. మా ఏసమ్మ ఏమైనా అల్లరి చేసిందాండి?"

"లేదురా. అది మంచి పిల్ల." మేష్టారు గొలుసు కేసి చూశాడు. "చిట్టియ్యా, నిన్నొకటి అడగాలి. నువ్వు బడి మానేసిన రోజు గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదండి?" చిట్టియ్య నవ్వాడు. ఆ నవ్వులో ఏ కల్మషమూ లేదు. ఉంటే మేష్టారికి తేలిగ్గా ఉండేది. "నా నోరు మొండిదండి. మీరు ఎంత కష్టపడ్డా నాకది రాలేదు. మా అయ్య కూడా అదే అన్నాడండి, మేష్టారి తప్పేం లేదు, నీ నాలిక మందం అని."

"ఒరే, అది కాదు. ఆ మాట ఒక్కసారి అను. గుడ్ అను. నువ్వు అప్పుడెలా అనేవాడివో అలాగే అను."

చిట్టియ్య ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్లనుంచో ఈ మాట అడుగుతారని చూస్తున్నవాడిలాగా చేతులు పంచెకు తుడుచుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"అప్పుడులాగా ఎందుకండి? ఇప్పుడు వచ్చేసిందండి నాకు! ఏసమ్మ నేర్పిందండి. సాయంత్రం పూట గంజి తాగాక నన్ను కూర్చోబెట్టి, నాన్నా చెయ్యి పెట్టు, నాన్నా గాలి తగల్లేదు, మళ్లీ అను అంటదండి. అచ్చం మీలాగేనండి. రెండేళ్లు పట్టిందండి. పోయిన వానల్లో వచ్చిందండి. మీకు వినిపించాలని ఎన్నిసార్లు బడిదాకా వచ్చి సిగ్గేసి తిరిగిపోయానో!"

అరచెయ్యి నోటి ముందు పెట్టుకున్నాడు.

"గుట్," అన్నాడు. "డాక్. రోట్."

గాలి చేతికి తగిలింది. తగిలిందని వాడి కళ్లు చెప్పాయి.

మేష్టారు లాకు గోడ మీద కూలబడ్డాడు. ఆ ఒక్క నోట్లో మిగిలిన ఒక్క మాట కూడా పోయింది. తన బెత్తం చెయ్యలేని పనిని తన శిష్యురాలు ప్రేమతో చేసింది. ఇక ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. దేవుడా, ఇంత శిక్షా అనుకున్నాడు. ఆయన అంత బలంగా ఎప్పుడూ దేవుణ్ణి తలుచుకోలేదు, దేవుడు ఎప్పుడూ అంత దూరంగానూ అనిపించలేదు.

"తప్పు అన్నానాండి?" చిట్టియ్య కంగారుపడ్డాడు.

"లేదురా." మేష్టారు పక్కన చోటు చూపించాడు. "లేదు. కూర్చో. నీతో చెప్పాల్సింది ఒకటుంది. నువ్వు అప్పుడు..."

ఎగువనుంచి కొమ్ము ఊదారు. పడవ వస్తోంది, తలుపులు తియ్యమని. చిట్టియ్య ఒక్క గంతులో గొలుసు దగ్గరికి వెళ్లాడు. పడవ మీద తెల్లటి గుడారంలాంటి కప్పు, దాని కింద కుర్చీ, కుర్చీలో తలపాగా పెట్టుకున్న పెద్దమనిషి. పక్కన నిలబడ్డ బంట్రోతు ఛాతీ మీది బిళ్ల ఎండలో తళుక్కుమంది. మేష్టారు లేచి నిలబడ్డాడు. రేపు పొద్దున్న రావాల్సిన ఇన్స్పెక్టరుగారు ఇవాళ సాయంత్రమే దిగారు.

సూర్యప్రకాశం గారు కోనసీమవారు, చెన్నపట్నంలో చదువుకున్నవారు. చెడ్డవారని ఎవరూ అనరు. కాని చెవులు చాలా పదునైనవని పంతుళ్లందరికీ తెలుసు. పడవ లాకులో ఆగి, నీళ్లు సమానం అయ్యేదాకా నిలబడాలి. ఆయన గట్టు మీదికి దిగి నడుం సాగదీసుకున్నారు.

చిట్టియ్య తలగుడ్డ చంకన పెట్టుకున్నాడు. మేష్టారు ఆపుదామనుకునే లోపే ఇన్స్పెక్టరుగారి ముందుకు వెళ్లి నిలబడి సలాం చేశాడు.

"గుట్ ఈవినింక్, సర్!"

సూర్యప్రకాశం గారు ఆగిపోయారు. నవ్వలేదు. వచ్చే పడవా పోయే పడవా చూసుకుంటూ గొలుసు లాగే లస్కరు నోటినుంచి ఇంగ్లీషు రావడం ఒక వింత అయితే, ఆ ఇంగ్లీషు ముగిసిన తీరు ఇంకో వింత. ఆయన తల ఒక పక్కకు వంచారు.

"మళ్లీ అను."

చిట్టియ్య అన్నాడు. ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా గాలి పెట్టి.

"ఇలా అనడం ఎవరు నేర్పారయ్యా నీకు?"

"మా అమ్మాయండి. మిషను బడిలో చదువుతుందండి. దానికి నేర్పింది ఇదుగోనండి, మా జ్ఞానప్రకాశం మేష్టారండి. దొరగారి నోటినుంచి నేరుగా నేర్చుకున్నారండి. ఈ తాలూకాలో ఇంకెవరూ లేరండి అలాగ."

ఇన్స్పెక్టరుగారు మేష్టారి వైపు తిరిగారు. "మీరేనాండి? నమస్కారం. రేపు మీ బడికే వస్తున్నాను." మర్యాదగానే అడిగారు. "పిల్లలందరూ కూడా ఇలాగే పలుకుతారాండి?"

జ్ఞానప్రకాశం నోరు తెరిచాడు. కుడిచెయ్యి దానంతటదే నోటి ముందుకు లేచి, సగంలో ఆగింది. ఆ చెయ్యిని పైకి ఎత్తాలో గొంతు మీదికి దించాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

ఈ లోపల చిట్టియ్యే అందుకున్నాడు.

"అందరూనండి! ఆయ్, ఒక్కళ్లు కూడా తప్పరండి!" అని, అవునని చెప్పండి మేష్టారూ అన్నట్టు నవ్వుతూ ఆయన కేసి చూశాడు.